మరియా మాంటిస్సోరి

పసిపిల్లలకు చదువనగానే పలకయు, బలపమును, బెత్తమును జ్ఞప్తికి వచ్చు కాలమొకటి యుండెను. ఆటలే అక్షరములకు దారితీయునని లోకమునకు చూపిన విదుషి మరియా మాంటిస్సోరి.

ఆమె 1870వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీన ఇటలీ దేశమందలి కియరవల్లె పట్టణమున జన్మించెను. ఆ కాలమున అచట స్త్రీలు వైద్యవిద్య నభ్యసించుట బహు అరుదు. తండ్రి ఇష్టపడకున్నను, తల్లి ప్రోత్సాహముతో ఆమె రోము విశ్వవిద్యాలయమున చదివి 1896లో వైద్యపట్టమును పొందెను.

బుద్ధి వికసింపదని పెద్దలు ఆశ వదలుకొన్న పిల్లలను ఆమె ఆస్పత్రులలో చూచెను. వారికి కావలసినది మందు కాదనియు, చేతికి తగిన పని యనియు గ్రహించెను. ఆమె శిక్షణలో వారిలో కొందరు చదువను, వ్రాయను నేర్చి, మామూలు పిల్లలతో పాటు పరీక్షలలో కృతార్థులైరి. చూచినవారెల్లరు ప్రశంసించిరి. కాని ఆమె మనస్సున వేఱొక ప్రశ్న పుట్టెను. ఈ పిల్లలే ఇంత నేర్వగలిగినచో, ఆరోగ్యవంతులైన పిల్లలు ఇంకను ఎంత నేర్వవలెను? వారి శక్తిని పాఠశాలలే అణచివేయుచున్నవా?

ఆ ప్రశ్నకు సమాధానము పేదవాడలో లభించెను. 1907 జనవరి 6వ తేదీన రోము నగరమున సాన్ లొరెంజో పేటలో ఆమె బాలల గృహమును ప్రారంభించెను. తలిదండ్రులు పనికి పోగా మెట్లపై దిక్కులేక తిరుగు సుమారు 50 మంది పిల్లలు అందు చేరిరి. వారికి అక్షరములు నేర్పవలెనని ఆమె మొదట తలంపలేదు. చదువురాని తల్లులే వచ్చి తమ బిడ్డలకు నాలుగక్షరములు చెప్పుమని వేడుకొనిరి.

ఆమె పలకలు పంచలేదు. పిల్లలు అంతకు మున్నే పిడిగల కొయ్యదిమ్మెలను మూడు వ్రేళ్ళతో పట్టి, తగిన గుంటలలో అమర్చుచు ఆడుచుండిరి. కలమును పట్టునవియు ఆ వ్రేళ్ళే కదా! పిమ్మట లోహపు బిళ్ళల అంచుల వెంట గీతలు గీచి, వానిలో రంగులు నింపిరి. వడ్రంగులు వాడు గరుకు కాగితమును అక్షరములుగా కత్తిరించి ఆమె అట్టలపై అంటించెను. పిల్లలు వానిపై వ్రేలు నడపుచు ఆ ధ్వనిని పలుకుచుండిరి. కన్నులు మూసికొని తడవి గుర్తించుట వారికి వేడుకయయ్యెను. తరువాత విడి అక్షరములను పేర్చి మాటలు కూర్చిరి.

ఒక శీతకాలపు దినమున మేడపై నొక అయిదేండ్ల బాలునికి ఆమె సుద్దముక్క నిచ్చి, ఎదుటి పొగగొట్టమును గీయుమనెను. వాడు గీచి, ఆనందముతో నేలపై ఒక మాట వ్రాసెను. అంతట తక్కిన పిల్లలును సుద్దలడిగి వ్రాయసాగిరి. వ్రాయుట వారికెవ్వరును నేర్పలేదు; ఆటలలో చేయి తనంత తానే నేర్చుకొనెను. కొంతకాలమునకు ఆమె బొమ్మల పేర్లు వ్రాసిన చీటీలనిచ్చి, పేరు చదివినవారు ఆ బొమ్మతో ఆడుకొనవచ్చుననెను. పిల్లలు బొమ్మలను విడిచి మఱిన్ని చీటీల నడిగిరి!

ఆమె కీర్తి దేశదేశముల వ్యాపించెను. 1939లో మదరాసులోని అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. మఱుసటి యేట ఇటలీ యుద్ధమున ప్రవేశింపగా, శత్రుదేశస్థురాలని ప్రభుత్వము ఆమెపై నిర్బంధములు విధించి, కుమారుడైన మారియోను ఖైదు చేసెను. 70వ జన్మదినమున అతడు విడుదలై తల్లిని చేరెను. ఆ కష్టకాలమునను ఆమె బోధన మానలేదు. 1952 మే 6వ తేదీన హాలెండు దేశమున ఆమె పరమపదించెను.

మన యిండ్లలో అక్షరాభ్యాసమునాడు పెద్దలు శిశువు వ్రేలు పట్టి బియ్యములో ఓనమాలు దిద్దింతురు. ఆ వ్రేలిని తన యిష్టము చొప్పున ఆడనిచ్చినచో, శిశువు తానై చదువు చెంతకు నడచివచ్చునని మాంటిస్సోరి జీవితము తెలుపుచున్నది.