పసికందుకి మార్కులు వేసిన డాక్టరమ్మ

పుట్టగానే బిడ్డ కేర్‌మనకపోతే మంత్రసాని తలకిందులుగా పట్టుకుని చరిచేది. ఏడిస్తే దక్కినట్టు, లేదంటే లేదు. మా సింగరాయకొండ పల్లెల్లోనే అనుకునేరు! 1950ల దాకా అమెరికాలోని పెద్దాసుపత్రుల్లోనూ ఇంచుమించు ఇదే తంతు. అందరూ తల్లి చుట్టూ మూగేవారు. నీలంగా మారి, ఊపిరందని పసికందుల్ని ఇక దక్కరని వదిలేసిన సందర్భాలూ ఉన్నాయి. ఆ పద్ధతి మార్చినావిడ డాక్టర్ వర్జీనియా ఆప్గార్. కాన్పు కాగితాల మీద ఆప్గార్ స్కోరు అని రాసి ఉండటం మనలో చాలామంది చూసే ఉంటారు. అది ఒక ఆడమనిషి ఇంటిపేరని ఎందరికి తెలుసు?

ఆవిడ 1909 జూన్ 7న న్యూజెర్సీలోని వెస్ట్‌ఫీల్డ్‌లో పుట్టారు. ఒక అన్న చిన్నప్పుడే క్షయతో పోయాడు. కాలేజీలో ఖర్చులకోసం రకరకాల పనులు చేశారు. జంతుశాస్త్రం ల్యాబుకి పిల్లుల్ని పట్టివ్వడం కూడా అందులో ఒకటి! 1933లో కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరై బయటికొచ్చేసరికి చేతిలో పట్టా, నెత్తిన అప్పు. సర్జన్ కావాలని ఆవిడ కోరిక. ఆడవాళ్లకి ఆ రంగంలో బతుకుతెరువు కష్టమని పెద్ద సర్జనుగారు మత్తుమందు వైద్యం వైపు మళ్లించారు. అప్పట్లో అది ఎక్కువగా నర్సులు చేసే పని. 1938 నుంచి ఆ విభాగాన్ని నడిపారు, 1949లో అక్కడి వైద్య కళాశాలలో తొలి మహిళా ప్రొఫెసర్ అయ్యారు. తీరా దాన్ని పూర్తిస్థాయి శాఖగా చేసినప్పుడు అధిపతి కుర్చీ మాత్రం మగ డాక్టరుకి వెళ్లింది. మనకి కొత్తా ఏమన్నా!

ఆవిడ కాన్పుల గదికి మళ్లారు. గుండె కొట్టుకోవడం, ఊపిరి, కండరాల బిగువు, కదిలిస్తే స్పందించడం, ఒంటి రంగు. ఈ అయిదింటికీ సున్నా నుంచి రెండు దాకా మార్కులు, మొత్తం పది. పుట్టిన నిమిషానికి ఒకసారి, తర్వాత్తర్వాత అయిదు నిమిషాలకి మరోసారి చూడటం మొదలైంది. 1952లో డాక్టర్ల సభలో చెప్పారు, 1953లో అచ్చయింది. మార్కులు వెయ్యాలంటే బిడ్డవంక చూడాలిగా! అసలు కిటుకు అక్కడే ఉందని నాకనిపిస్తుంది. తల్లికిచ్చే మత్తు బిడ్డని ఎలా మందగింపజేస్తుందో కూడా ఈ మార్కుల వల్లే తేలింది.

పెళ్లి చేసుకోలేదు. వయొలిన్లు వాయించడమే కాదు, సొంతంగా చేసేవారు కూడా. ఆసుపత్రి టెలిఫోన్ బూత్‌లో చెక్క పలక మంచి కర్రని కనిపెట్టి, రాత్రిపూట ఊడదీసి వేరేది బిగించారట! 1974 ఆగస్టు 7న కన్నుమూశారు. 1994లో అమెరికా ప్రభుత్వం ఆవిడ బొమ్మతో తపాలా బిళ్ల వేసింది.

ఆవిడ చూడని మార్పు ఇంకోటుంది. నెలలు నిండని బిడ్డకి నరాలు ముదరవు, నొప్పి తెలీదని 1980ల దాకా చాలామంది డాక్టర్లే నమ్మారు. కదలకుండా మందిచ్చి, నొప్పికి దాదాపు ఏమీ ఇవ్వకుండానే ఆపరేషన్లు చేసిన రోజులవి. 1987లో మన దేశం నుంచి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన డాక్టర్ కన్వల్‌జీత్ సింగ్ ఆనంద్, నొప్పిమందు ఇచ్చిన బిడ్డలే బాగా కోలుకుంటున్నారని నిరూపించారు. నొప్పి కొలవడం ఎలా? 1995లో ఆప్గార్ నమూనాలోనే అయిదంశాలు, పది మార్కుల క్రైస్ అనే కొలత వచ్చింది. మరుసటేడు నెలలు తక్కువ బిడ్డలకోసం మరో కొలత వచ్చింది. కనుబొమల ముడి, కళ్లు బిగించడం, ముక్కు పక్క మడత, గుండె వేగం, ఆక్సిజన్, ఎన్నో నెలలో పుట్టిందన్నదీ, నిద్రలో ఉందా మెలకువగా ఉందా అన్నదీ లెక్కేస్తారు. ఎందుకంటే బలంలేని బిడ్డ నొప్పున్నా ఏడవలేదు.

మా వీధిలో అమ్మాయికి ఏడో నెలలోనే కాన్పయితే ఒంగోలు తీసుకెళ్లారు. అద్దాల పెట్టెలో గుప్పెడంత బిడ్డ. మడమకి సూది గుచ్చితే నోరు తెరిచింది గానీ శబ్దం రాలేదు. పసిగుడ్డుకి నొప్పేం తెలుస్తుందిలే అంది అమ్మమ్మ. నర్సమ్మ ఒప్పుకోలేదు. మర్నాటి నుంచి సూదికి రెండు నిమిషాల ముందు నాలుక మీద తల్లిపాల చుక్కలు వేయించింది, కాళ్లూ చేతులూ దగ్గరికి ముడిచి పట్టుకోమంది. ఒళ్లు కుదుటపడ్డాక తల్లి గుండెల మీదే పడుకోబెట్టి సూది వేశారు. పెద్ద నొప్పులకి వేరే మందులున్నాయి, వాటికి ఊపిరిని కనిపెట్టుకుని ఉండాలి. ఆ పిల్ల రోజూ సాయంత్రం కాగితంలో మార్కులెన్నని నర్సమ్మని అడిగేది. అక్కడ మాత్రం తక్కువొస్తేనే సంతోషం.