ఖరీదు కట్టిన మనిషి: ఫ్రెడరిక్ డగ్లస్ జీవితం

1846 డిసెంబరులో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో ఒక కాగితం రిజిస్టర్ అయింది. ఇంటికో పొలానికో రాసుకున్నట్టే ఒక మనిషికి రాసిన కాగితం అది. అతని వయసు 28 ఏళ్లు. విడుదలకు కట్టిన సొమ్ము 150 పౌండ్లు, అమెరికా లెక్కలో 711 డాలర్ల 66 సెంట్లు. ఇక ఈ మనిషి మీద తనకు హక్కు లేదని యజమాని రాసిచ్చాడు. విచిత్రం ఏంటంటే, అప్పటికే ఆ మనిషి రాసిన పుస్తకం అమెరికాలో, బ్రిటన్‌లో వేల కాపీలు అమ్ముడుపోయింది. ఆ రచయిత పేరు ఫ్రెడరిక్ డగ్లస్.

ఇది జరిగిన పదిహేనేళ్లకు అమెరికా తనతో తానే యుద్ధానికి దిగింది. నాలుగేళ్లలో ఆరు లక్షలకు పైగా సైనికులు చనిపోయారు. ఒక దేశం అంతదాకా ఎందుకు వెళ్లిందో తెలియాలంటే డగ్లస్ జీవితం చూస్తే చాలావరకు అర్థమవుతుంది.

గుర్రాలు, గొర్రెలతో పాటు లెక్క

డగ్లస్ 1818లో మేరీల్యాండ్ రాష్ట్రం టాల్బట్ కౌంటీలో పుట్టాడు. ఏ తేదీన పుట్టాడో అతనికి చివరిదాకా తెలియలేదు. బానిసల పుట్టినరోజులు రాసిపెట్టే అలవాటు యజమానులకు లేదు. తల్లి హ్యారియెట్ బెయిలీ బానిస. తల్లి బానిస అయితే బిడ్డ కూడా బానిసే అన్నది అప్పటి చట్టం. తండ్రి తెల్లవాడని, బహుశా యజమానేనని చుట్టుపక్కల చెప్పుకునేవారు. అదే నిజమైనా చట్టం దృష్టిలో ఆ పిల్లవాడు వారసుడు కాడు, ఆస్తి మాత్రమే.

తల్లిని 12 మైళ్ల దూరంలో మరో పొలంలో పనికి పెట్టారు. ఆమె పగలంతా పని చేసి, రాత్రి నడిచి వచ్చి, కొడుకుని పడుకోబెట్టి, వాడు లేచేలోపే వెళ్లిపోయేది. తెల్లారేసరికి పొలంలో లేకపోతే కొరడా దెబ్బలు తప్పవు. ఊహ తెలిశాక తల్లిని నాలుగైదుసార్ల కంటే ఎక్కువ చూడలేదు. అతనికి ఏడేళ్లప్పుడు ఆమె చనిపోయింది. చివరి చూపుకు కూడా పంపలేదు. అతన్ని పెంచింది అమ్మమ్మ బెట్సీ.

1826లో యజమాని ఆరన్ ఆంథోనీ చనిపోయాడు. మరుసటి ఏడాది ఆస్తి పంపకాలు జరిగాయి. ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లలు, గుర్రాలు, గొర్రెలు, పందులు అందరినీ, అన్నిటినీ ఒకేచోట నిలబెట్టి ధర కట్టారు. ఎవరు ఎవరి వాటాకు పోతారో, తల్లీబిడ్డలు కలిసి ఉంటారో విడిపోతారో ఆ రోజే తేలుతుంది. అప్పటికి ఫ్రెడరిక్‌కి తొమ్మిదేళ్లు. యజమాని అల్లుడు థామస్ ఆల్డ్ వాటాలోకి వచ్చాడు.

రొట్టె ఇచ్చి నేర్చుకున్న చదువు

పంపకాలకు ముందే అతన్ని బాల్టిమోర్‌లో థామస్ తమ్ముడు హ్యూ ఆల్డ్ ఇంట్లో పనికి పంపారు. పంపకాలయ్యాక మళ్లీ అక్కడికే చేరాడు. హ్యూ భార్య సోఫియా మొదట్లో పిల్లవాడిని దయగా చూసింది. అక్షరాలు నేర్పడం మొదలుపెట్టింది. భర్తకు తెలిసి ఆపించాడు. చదువు వస్తే బానిస చేతిలో ఉండడని ఆమెకు చెప్పాడు. పక్కనే ఉన్న పిల్లవాడు ఆ మాట విన్నాడు. యజమాని దేనికి భయపడుతున్నాడో అప్పుడే అర్థమైంది.

ఇక చదువు దొంగచాటుగా సాగింది. వీధిలో ఆడుకునే పేద తెల్ల పిల్లలకు రొట్టె ముక్కలిచ్చి, బదులుగా అక్షరాలు నేర్చుకున్నాడు. ఓడలు కట్టే చోట చెక్కల మీద రాసిన గుర్తులు చూసి రాయడం నేర్చాడు. పన్నెండేళ్లప్పుడు 50 సెంట్లు కూడబెట్టి ప్రసంగాల పుస్తకం ఒకటి కొన్నాడు.

1834లో అతన్ని ఎడ్వర్డ్ కోవీ అనే రైతు దగ్గరికి ఏడాది పనికి పంపారు. మాట వినని బానిసలను దారిలో పెట్టడంలో కోవీకి పేరుంది. వారం వారం కొరడా దెబ్బలు తిన్న ఫ్రెడరిక్ ఒకరోజు ఎదురు తిరిగాడు. దాదాపు రెండు గంటలు కలబడ్డారు. ఆ తర్వాత కోవీ మళ్లీ చేయి ఎత్తలేదు. ఒక కుర్రాడి చేతిలో దెబ్బలు తిన్నాడని తెలిస్తే అతని పేరు, దాంతో పాటు వ్యాపారమూ పోతాయి కదా.

శనివారం సాయంత్రం హిసాబు

బాల్టిమోర్‌కి తిరిగొచ్చాక అతను ఓడ చెక్కల సందుల్లో నార కుక్కి నీరు చొరకుండా చేసే పని నేర్చుకున్నాడు. రోజుకు డాలరున్నర దాకా కూలి వచ్చేది. పని వెతుక్కునేది తను, బేరం చేసేది తను, చెమటోడ్చేది తను. శనివారం సాయంత్రం మొత్తం డబ్బు హ్యూ ఆల్డ్ చేతిలో పెట్టాలి. ఒక్కోసారి ఆరు డాలర్లు ఇస్తే ఆరు సెంట్లు తిరిగిచ్చేవాడు. అది దయ అని యజమాని అనుకున్నాడు. ఆ సెంట్లు చేతిలో పడినప్పుడల్లా ఫ్రెడరిక్‌కి మిగతా డబ్బు ఎవరిదన్న ప్రశ్న ఇంకా గట్టిగా గుచ్చుకునేది.

1838 సెప్టెంబరు 3న అతను నావికుడి బట్టలు వేసుకుని, ఒక స్వేచ్ఛా నల్లజాతి నావికుడి గుర్తింపు పత్రం జేబులో పెట్టుకుని ఉత్తరాదికి వెళ్లే రైలెక్కాడు. పత్రంలోని పోలికలకూ అతనికీ పొంతన లేదు. కండక్టర్ సరిగ్గా చూడకపోవడం వల్ల బతికిపోయాడు. ఒక్క రోజులోపే న్యూయార్క్ చేరాడు. ఈ ప్రయాణానికి డబ్బు సాయం చేసింది ఆనా మరే, బాల్టిమోర్‌లో ఇళ్లలో పని చేసుకునే స్వేచ్ఛా నల్లజాతి మహిళ. పన్నెండు రోజులకు ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. మాసచుసెట్స్‌లోని న్యూబెడ్‌ఫోర్డ్‌లో స్థిరపడి, డగ్లస్ అన్న ఇంటిపేరు పెట్టుకున్నారు.

అక్కడ బానిసత్వం లేదు. కానీ నల్లవాడితో కలిసి పనిచేయబోమని తెల్ల పనివాళ్లు అనడంతో చేతిలో పని ఉన్న డగ్లస్ బరువులు మోసే కూలీగా బతకాల్సి వచ్చింది.

పుస్తకం తెచ్చిన ప్రమాదం

1841 నుంచి ఆయన బానిసత్వ వ్యతిరేక సంఘం తరఫున ఊరూరా మాట్లాడారు. ఇంత బాగా మాట్లాడేవాడు బానిస ఎలా అవుతాడని జనం అనుమానించారు. జవాబుగా 1845లో తన జీవితకథ రాసి, యజమానుల పేర్లతో సహా అచ్చు వేయించారు. దాంతో ఎక్కడున్నారో అందరికీ తెలిసిపోయింది. పట్టుకుపోతారన్న భయంతో ఐర్లాండ్, బ్రిటన్‌లకు వెళ్లి దాదాపు రెండేళ్లు ఉన్నారు. 711 డాలర్ల 66 సెంట్లు పోగుచేసింది అక్కడి స్నేహితులే.

ఈ చెల్లింపు మీద ఉద్యమంలోనే గొడవ వచ్చింది. డబ్బు కట్టడమంటే మనిషిని అమ్మే హక్కు యజమానికి ఉందని ఒప్పుకోవడమేనని కొందరు తప్పుపట్టారు. దోపిడీదారుడికి సొమ్ము ఇచ్చి విడిపించుకున్నంత మాత్రాన దోపిడీ న్యాయమైపోదన్నది డగ్లస్ వాదన. తిరిగొచ్చి 1847 చివర్లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో సొంత పత్రిక పెట్టారు.

దేశం రెండుగా చీలింది

1860 జనాభా లెక్కల్లో అమెరికా జనం 3 కోట్ల 14 లక్షలు. వారిలో దాదాపు 40 లక్షల మంది బానిసలు. మార్కెట్ ధరలో వాళ్ల విలువ సుమారు 350 కోట్ల డాలర్లని అంచనా. దేశంలోని రైల్వేలు, ఫ్యాక్టరీల పెట్టుబడి మొత్తం కలిపినా అంత కాదు. దేశ ఎగుమతుల్లో సగానికి పైగా విలువ వాళ్లు పండించిన పత్తిదే. కామర్స్ చదివినవాళ్లకి ఈ లెక్క సులువుగా అర్థమవుతుంది. దక్షిణాది ఆస్తుల పట్టీలో అన్నిటికంటే పెద్ద పద్దు మనుషులే. ఆ పద్దు చెరిపేస్తే పెద్ద రైతులు, వాళ్లకు అప్పులిచ్చిన బ్యాంకులు ఒక్కసారే కూలిపోతాయి. రాష్ట్రాల హక్కుల గురించి దక్షిణాది ఎంత మాట్లాడినా, వాళ్లు ముందుగా కాపాడుకోవాలనుకున్న హక్కు ఇదే.

1850 చట్టం ఈ గొడవను ఉత్తరాది ఇళ్ల గుమ్మాల దాకా తెచ్చింది. పారిపోయి వచ్చిన బానిసను పట్టివ్వడంలో మామూలు జనం కూడా సాయపడాలి. పట్టుబడ్డ మనిషిని యజమానికి అప్పగిస్తే విచారణ అధికారికి 10 డాలర్ల ఫీజు, వదిలేస్తే 5 డాలర్లు. 1857లో సుప్రీంకోర్టు డ్రెడ్ స్కాట్ కేసులో నల్లవారు దేశ పౌరులే కాలేరని తీర్పు ఇచ్చింది. 1859లో జాన్ బ్రౌన్ అనే తెల్ల ఉద్యమకారుడు హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారం మీద దాడి చేసి ఉరికంబం ఎక్కాడు. దాడికి ముందు అతను పిలిచినా, అది ప్రాణాలు తీసే ఉచ్చు అవుతుందని డగ్లస్ వెళ్లలేదు. అయినా అరెస్టు వారెంటు రావడంతో మళ్లీ దేశం వదలాల్సి వచ్చింది.

బానిసత్వాన్ని కొత్త ప్రాంతాలకు పాకనివ్వనన్న అబ్రహాం లింకన్ 1860లో గెలిచారు. ఉన్నచోట తీసేస్తానని కూడా ఆయన అనలేదు. ఆ మాత్రానికే 7 రాష్ట్రాలు ఒకదాని వెంట ఒకటి విడిపోయాయి. 1861 ఏప్రిల్ 12న సమ్టర్ కోట మీద ఫిరంగులు పేలాయి.

యుద్ధంలో కూడా రెండు జీతాలు

మొదట్లో లింకన్ ఈ యుద్ధం దేశాన్ని కలిపి ఉంచడానికేనన్నారు. డగ్లస్ పత్రికలో ఆయన్ని గట్టిగా విమర్శించారు. బానిసత్వాన్ని ముట్టుకోకుండా ఈ యుద్ధం గెలవలేరని, నల్లవారి చేతికి తుపాకి ఇవ్వాలని రాశారు. 1862లో రాజధాని వాషింగ్టన్‌లో బానిసలను విడుదల చేసినప్పుడు ఒక్కొక్కరికి 300 డాలర్ల దాకా పరిహారం ఇచ్చారు. అది బానిసకు కాదు, యజమానికి. 1863 జనవరి 1న తిరుగుబాటు రాష్ట్రాల్లోని బానిసలకు స్వేచ్ఛ ప్రకటించారు. సైన్యంలోకి నల్లవారిని తీసుకున్నారు.

డగ్లస్ ఊరూరా తిరిగి కుర్రాళ్లను చేర్పించారు. కొడుకులు లూయిస్, చార్లెస్ ఇద్దరినీ 54వ మాసచుసెట్స్ రెజిమెంటులో చేర్చారు. తీరా చూస్తే తెల్ల సైనికుడికి నెలకు 13 డాలర్లు, బట్టల ఖర్చు అదనం. నల్ల సైనికుడికి 10 డాలర్లు, అందులో 3 బట్టలకు కోత. చేతికొచ్చేది 7. ఆ రెజిమెంటు జీతమే తీసుకోకుండా పోరాడింది. 1863 ఆగస్టులో డగ్లస్ అపాయింట్‌మెంట్ లేకుండానే వైట్ హౌస్‌కి వెళ్లి లింకన్‌ని కలిసి ఈ సంగతి అడిగారు. జీతం ఎప్పటికైనా సమానం చేస్తామన్న జవాబు ఆయనకు పూర్తిగా నచ్చలేదు, కానీ అధ్యక్షుడు తనను సాటి మనిషిలా చూశారని నమ్మకం కలిగింది. 1864 జూన్‌లో కాంగ్రెస్ జీతాలు సమానం చేసింది. యుద్ధం ముగిసేసరికి దాదాపు 1,80,000 మంది నల్లవారు ఉత్తరాది సైన్యంలో పనిచేశారు.

ఈ యుద్ధం సెగ మన దాకా కూడా వచ్చింది. ఉత్తరాది నౌకలు దక్షిణాది ఓడరేవులను దిగ్బంధించడంతో ఇంగ్లండ్ మిల్లులకు పత్తి ఆగిపోయింది. మన దేశంలో పత్తి ధర ఒక్కసారిగా పెరిగింది. నిజాం నుంచి బ్రిటిష్‌వాళ్లు తీసుకున్న బేరార్‌లో పత్తి సాగు జోరందుకుంది. 1865లో యుద్ధం ఆగగానే ధరలు పడిపోయి బొంబాయిలో వ్యాపారులు దివాలా తీశారు.

స్వేచ్ఛ వచ్చాక

1865 డిసెంబరులో 13వ రాజ్యాంగ సవరణ దేశమంతా బానిసత్వాన్ని రద్దు చేసింది. ఆ కబురు సముద్రాలు దాటింది. పుణెలో జోతిరావు ఫూలే 1873లో తన గులాంగిరి పుస్తకాన్ని బానిసత్వాన్ని తొలగించిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు.

ఓటు లేకపోతే ఈ స్వేచ్ఛ నిలవదని డగ్లస్ పోరాడారు. 1870లో 15వ సవరణతో నల్లజాతి మగవాళ్లకు ఓటు హక్కు వచ్చింది. డబ్బు విషయంలో మాత్రం మరో దెబ్బ తగిలింది. విడుదలైన బానిసలు కూలి డబ్బులు దాచుకున్న ఫ్రీడ్‌మెన్స్ బ్యాంకుకు 1874 మార్చిలో ఆయన్ని అధ్యక్షుడిని చేశారు. అప్పటికే పెద్దమనుషులు ఇష్టారాజ్యంగా అప్పులిచ్చి బ్యాంకును లోపలి నుంచి ఖాళీ చేశారు. డగ్లస్ సొంత డబ్బు 10,000 డాలర్లు పెట్టినా లాభం లేకపోయింది. కొన్ని నెలల్లోనే మూతపడింది. 60,000 మందికి పైగా ఖాతాదారుల సొమ్ము ఇరుక్కుపోయింది.

1877లో దక్షిణాది నుంచి కేంద్ర సైన్యం కాపలా ఎత్తేశాక బెదిరింపులతో, తర్వాత కొత్త చట్టాలతో ఓటు లాక్కున్నారు. పొలం పాలుకిచ్చి అప్పుల్లో బిగించారు. మూకలు మనుషులను చెట్లకు వేలాడదీశాయి. డెబ్బై దాటిన వయసులో కూడా డగ్లస్ ఈ మూకహత్యల మీద మాట్లాడారు, రాశారు. ఈ హత్యలను బయటపెట్టిన యువ జర్నలిస్టు ఐడా బి. వెల్స్‌కు అండగా నిలిచారు. 1895 ఫిబ్రవరి 20న వాషింగ్టన్‌లో మహిళల హక్కుల సభకు వెళ్లి ఇంటికొచ్చాక, ఆ సాయంత్రమే గుండె ఆగి చనిపోయారు.

ఆయన విడుదలకు యజమాని 711 డాలర్ల 66 సెంట్లు అందుకున్నాడు. ఆయన శనివారాలు కట్టిన కూలి ఎవరూ తిరిగివ్వలేదు. రెండున్నర శతాబ్దాల పాటు లక్షల మంది చేసిన చాకిరీకి కూడా ఎవరూ లెక్క కట్టి ఇవ్వలేదు. ఆ బాకీ మీద అమెరికాలో చర్చ ఇప్పటికీ నడుస్తూనే ఉంది.