ముత్తుస్వామి దీక్షితులు

ముత్తుస్వామి దీక్షితులు (1775 - 1835) కర్ణాటక సంగీత త్రిమూర్తులలో ఒకడు. మిగిలిన ఇద్దరు శ్యామశాస్త్రి (1762 - 1827), త్యాగరాజు (1767 - 1847). వారిద్దరూ ఎక్కువగా తెలుగులో రచించగా, దీక్షితుల కృతులలో అధికభాగం సంస్కృతంలో ఉన్నాయి. ఇతని ముద్ర గురుగుహ. విళంబ కాలంలో సాగే గంభీరమైన కృతులకు ఇతడు ప్రసిద్ధుడు. ఐరోపా వాద్యబృందాలు వాయించే వరుసలకు సంస్కృత సాహిత్యాన్ని కూర్చి నొట్టుస్వరాలు అనే రచనలు చేసినవాడు కూడా ఇతడే. ఒకరి వరుసను మరొకరు తీసుకుని కొత్త రచన చేయడం తక్కువ పనా, కాదా అనే ప్రశ్నకు దీక్షితుల జీవితం ఒక మంచి ఉదాహరణ.

జననం, బాల్యం

దీక్షితులు తంజావూరు సీమలోని తిరువారూరులో జన్మించాడు. తండ్రి రామస్వామి దీక్షితులు, తల్లి సుబ్బమ్మ. చాలాకాలం సంతానం లేని ఈ దంపతులు వైదీశ్వరన్ కోయిలలోని ముత్తుకుమారస్వామిని సేవించిన తరువాత కలిగిన బిడ్డ కనుక ఆ పేరు పెట్టారని చెబుతారు. చిన్నస్వామి, బాలుస్వామి ఇతని తమ్ముళ్ళు. తండ్రి గొప్ప వాగ్గేయకారుడు. హంసధ్వని రాగాన్ని కల్పించిన ఘనత ఆయనదే. నూటయెనిమిది రాగతాళాలతో ఒక మాలికను కూడా ఆయన రచించాడు. ముత్తుస్వామి తండ్రి వద్దనే సంగీతం, వీణ నేర్చుకుని, వేదం, కావ్యాలు, వ్యాకరణం, జ్యోతిషం, మంత్రశాస్త్రం అభ్యసించాడు.

మణలిలో పాశ్చాత్య సంగీత పరిచయం

మద్రాసులో ఈస్టిండియా కంపెనీవారి దుబాసీగా ఉన్న మణలి ముత్తుకృష్ణ మొదలియారు రామస్వామి దీక్షితుల విద్వత్తును మెచ్చి, ఆ కుటుంబాన్ని మద్రాసు సమీపంలోని మణలికి పిలిపించుకున్నాడు. ఆయన తరువాత ఆయన కుమారుడు వేంకటకృష్ణ మొదలియారు (చిన్నయ్య) కూడా వారిని పోషించాడు. సెయింట్ జార్జి కోటలోని సైనిక వాద్యబృందం వాయించే సంగీతాన్ని ఈ సోదరులు మొదట విన్నది ఆ రోజులలోనే. బాలుస్వామి వయొలిన్ నేర్చుకుని, దానిని కర్ణాటక సంగీతానికి అనువుగా మలచుకున్నాడు. నేడు కర్ణాటక కచేరీలో వయొలిన్‌కు ఉన్న స్థానానికి బీజం వేసినవారిలో అతడు ముఖ్యుడు. ఆ విధంగా ఒకే ఇంటిలో తమ్ముడు పరాయి వాద్యాన్ని, అన్న పరాయి వరుసలను తమవి చేసుకున్నారు.

కాశీ యాత్ర

చిదంబరనాథ యోగి అనే గురువు ముత్తుస్వామిని వెంటబెట్టుకుని కాశీకి వెళ్ళాడు. అక్కడ గడిపిన కొన్ని సంవత్సరాలలో దీక్షితులు శ్రీవిద్యోపాసన నేర్చుకున్నాడు. హిందుస్తానీ సంగీతం, అందులోనూ ధ్రుపద గానం, ఇతనిని బాగా ఆకర్షించింది. యమునాకల్యాణిలో జంబూపతే, ద్విజావంతిలో చేతః శ్రీబాలకృష్ణం, బృందావన సారంగలో రంగపురవిహార వంటి కృతులలో ఆ ప్రభావం స్పష్టంగా కనిపిస్తుంది. ఉత్తరాది రాగాలను ఇతడు ఉన్నవి ఉన్నట్లుగా దించలేదు. వాటికి దక్షిణాది గమకాన్ని, తాళపు కట్టుబాటును ఇచ్చాడు.

కాశీ నుండి తిరిగివచ్చిన తరువాత తిరుత్తణిలో శ్రీనాథాది గురుగుహో జయతి అనే తొలి కృతిని మాయామాళవగౌళ రాగంలో రచించాడు. పిదప కంచి, తిరువారూరు మొదలైన క్షేత్రాలను దర్శిస్తూ కమలాంబా నవావరణ కృతులు, నవగ్రహ కృతులు, పంచలింగ స్థల కృతులు రచించాడు. తెలుగులో ఇతని రచనలు బహు కొద్ది. వాటిలో తోడి రాగంలోని రూపము జూచి అనే వర్ణం ప్రసిద్ధమైనది. తంజావూరు సోదరులుగా పేరుపొందిన చిన్నయ్య, పొన్నయ్య, శివానందం, వడివేలు ఇతని శిష్యులు. వీరిలో వడివేలు కూడా వయొలిన్ విద్వాంసుడే.

నొట్టుస్వరాలు

ఇంగ్లీషులో సంగీత స్వరానికి వాడే నోట్ అనే మాట నుండి నొట్టు అనే పేరు వచ్చింది. దీక్షితులవిగా చెప్పబడే నొట్టుస్వర సాహిత్యాలు సుమారు నలభై ఉన్నాయి. ఇవన్నీ పాశ్చాత్యుల మేజర్ స్కేలుకు సరిపోయే శంకరాభరణ స్వరాలలోనే నడుస్తాయి. వీటిలో కొన్నింటికి మూలమైన వరుసలు ఇవి:

* సంతతం పాహి మాం - ఇంగ్లండు రాజగీతం గాడ్ సేవ్ ది కింగ్
* సుబ్రహ్మణ్యం సురసేవ్యాబ్జపదం - సైనిక గీతం బ్రిటిష్ గ్రెనేడియర్స్
* వందే మీనాక్షి - ఐర్లండు వరుస రేక్స్ ఆఫ్ మాలో
* కమలాసన వందిత - ఇంగ్లీషు నాట్యపు వరుస గాలొపేడ్
* పీతవర్ణం భజే - తాజా బ తాజా అనే పారశీక గీతం

ఇవి అనువాదాలు కావు. మూలంలోని మాటలకు, దీక్షితుల సాహిత్యానికి ఏ సంబంధమూ లేదు. రాజును రక్షించమని దేవుని వేడుకునే పాట ఇతని చేతిలో సంగీత శ్యామలను వేడుకునే స్తుతి అయింది. సైనికుల నడకకు వాయించే వరుస సుబ్రహ్మణ్య స్తోత్రమైంది. వరుసలోని కాలప్రమాణానికి తగినట్లుగా గురులఘువులు పొదిగిన సంస్కృత పదాలను ఎన్నుకోవడంలో రచయిత నేర్పు తెలుస్తుంది. వరుస తనది కాకపోయినా కొన్నింటిలో గురుగుహ ముద్రను కూడా ఉంచాడు.

విమర్శ, విలువ

కర్ణాటక సంగీతంలో నొట్టుస్వరాల స్థానం గురించి భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. వీటిలో గమకం లేదు. రాగభావం విస్తరించే అవకాశం లేదు. సాధారణంగా పల్లవి, అనుపల్లవి, చరణం అనే కృతి నిర్మాణమూ ఉండదు. వరుస కూడా ఇతరులది. అందువలన ఇవి వినోదానికి చేసినవే తప్ప దీక్షితుల ప్రతిభకు కొలమానం కావని కొందరు భావిస్తారు.

ఈ ఆక్షేపణలో సగం నిజం ఉంది. నవావరణ కృతుల పక్కన పెడితే ఇవి చిన్న రచనలే. కాని వరుస పరాయిదన్న కారణంతో వీటిని తోసివేయడానికి వీలులేదు. గాడ్ సేవ్ ది కింగ్ వరుసకు కర్త ఎవరో నేటికీ నిర్ధారణ కాలేదు. 1745లో లండనులో ప్రాచుర్యం పొందిన ఆ వరుసను ప్రష్యా, స్విట్జర్లాండు, అమెరికా దేశాలవారు వేర్వేరు మాటలతో తమ దేశగీతంగా పాడుకున్నారు. అనేకుల చేతులు మారిన వరుసనే దీక్షితులు కూడా తీసుకున్నాడు. పైగా గమకాలు లేకపోవడం వలననే ఇవి పిల్లలకు సులభంగా పట్టుబడతాయి. శక్తిసహిత గణపతిం, శ్యామలే మీనాక్షి వంటివి నేటికీ సంగీత విద్యార్థులకు తొలి పాఠాలుగా ఉపయోగపడుతున్నాయి. ఆనాడు దక్షిణ భారతంలో ఏ పాశ్చాత్య వరుసలు వినిపించేవో తెలుసుకోవడానికి కూడా ఇవి సాక్ష్యం.

చివరి దశ

బాలుస్వామి ఎట్టయాపురం సంస్థానంలో ఆస్థాన విద్వాంసుడుగా ఉండేవాడు. దీక్షితులు జీవితపు చివరి దశలో అక్కడికి చేరాడు. దారిలో కరవుతో ఎండిన నేలను చూచి అమృతవర్షిణి రాగంలో ఆనందామృతకర్షిణి అనే కృతి పాడగా వర్షం కురిసిందని ఒక కథ ప్రచారంలో ఉంది. 1835 అక్టోబరు 21న, నరక చతుర్దశినాడు, శిష్యులు మీనాక్షి మే ముదం దేహి అనే కృతిని పాడుతుండగా ఇతడు కన్నుమూశాడని చెబుతారు. ఇతని సమాధి ఎట్టయాపురంలో ఉంది.

రచనల పరిరక్షణ

దీక్షితుల కృతులు నిలవడంలో తెలుగు లిపికి, తెలుగు భాషకు పెద్ద పాత్ర ఉంది. సి.పి.బ్రౌన్ సేకరించిన వ్రాతప్రతులలో కొన్ని నొట్టుస్వరాలు లభించాయి. బాలుస్వామి మనుమడు, దత్తపుత్రుడు అయిన సుబ్బరామ దీక్షితులు (1839 - 1906) తమ ఇంటి సంపదను స్వరపరచి, సంగీత సంప్రదాయ ప్రదర్శిని అనే బృహద్గ్రంథాన్ని తెలుగులో రచించాడు. అది 1904లో ఎట్టయాపురంలో అచ్చయింది. ఆ గ్రంథరచనకు ఆయనను ప్రోత్సహించిన ఎ.ఎం.చిన్నస్వామి మొదలియారు దక్షిణాది సంగీతాన్ని ఐరోపా స్వరలిపిలో అచ్చువేసినవాడు కావడం విశేషం.

ఇతరుల చేతిలో దీక్షితుల బాణీ

పరాయి వరుసలను స్వీకరించిన దీక్షితుల బాణీ తరువాతి కాలంలో ఇతరులకు మూలమైంది. తండ్రి కల్పించిన హంసధ్వనిలో ఇతడు రచించిన వాతాపి గణపతిం ఇందుకు ఉదాహరణ. భెండీబజార్ ఘరానాకు చెందిన అమాన్ అలీఖాన్ హంసధ్వనిని హిందుస్తానీ సంగీతంలో వ్యాప్తిచేసి, ఈ కృతి నడకను అనుసరించి లాగీ లగన్ అనే బందిష్ కూర్చాడు. 1956లో వచ్చిన పరివార్ అనే హిందీ చిత్రంలో సలీల్ చౌదరి అదే బాణీని ఒక యుగళగీతానికి వాడుకున్నాడు. 1957లో వచ్చిన వినాయక చవితి అనే తెలుగు చిత్రంలో ఘంటసాల ఈ కృతిని పాడాడు. కచేరీలలో ఈ కృతికి వేసే సంగతులలో చాలావరకు తరువాతి విద్వాంసులు చేర్చినవే.

ఇన్ని చేతులు మారినా మూలకృతికి లోటు రాలేదు. దాని ప్రచారం మరింత పెరిగింది. దీక్షితుల స్మారకంగా భారత తపాలాశాఖ 1976లో ఒక తపాలాబిళ్ళను విడుదల చేసింది.