మంచం నుంచి మైదానానికి: డాక్టర్ గట్‌మన్ జీవితం

తాటిచెట్టు మీద నుంచి పడి నడుము విరిగిన గీత కార్మికుల సంగతి కృష్ణా డెల్టాలో పెరిగిన మనకు కొత్త కాదు. ఇక మంచమే గతి అని ఊరంతా అనుకునేది. ఒకప్పుడు వైద్యులూ అలాగే అనుకునేవారు. ఆ అభిప్రాయాన్ని మార్చిన మహనీయుడు డాక్టర్ లుడ్విగ్ గట్‌మన్.

ఆయన 1899 జూలై 3న జర్మనీలో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. 1917లో ఆస్పత్రిలో సహాయకుడిగా ఉండగా, వెన్ను విరిగిన ఒక గని కార్మికుడిపై అందరూ ఆశ వదులుకోవడం, కొద్ది వారాలకే అతను మరణించడం కళ్లారా చూశారు. తరువాత నరాల శస్త్రవైద్యునిగా పేరు పొందారు. యూదుడైనందున హిట్లర్ కాలంలో ఉద్యోగం పోయింది. 1939లో భార్యాబిడ్డలతో ఇంగ్లండు చేరారు.

1944లో స్టోక్ మాండవిల్ ఆస్పత్రిలో వెన్ను గాయాల విభాగం ఆయన చేతికి వచ్చింది. రోగులు యుద్ధంలో గాయపడిన సైనికులు. పుండ్లు పడకుండా వారిని తరచుగా పక్కకు తిప్పించి, మూత్రవ్యాధులు రాకుండా చూసి ప్రాణాలు నిలిపారు. ఆపైన ఆటలను కూడా వైద్యంలో భాగం చేశారు. 1948 జూలై 29న, లండన్ ఒలింపిక్స్ ప్రారంభమైన రోజునే, 16 మంది చక్రాల కుర్చీల్లో కూర్చుని విలువిద్య పోటీలో పాల్గొన్నారు. 1960లో రోమ్‌లో 23 దేశాల నుంచి సుమారు 400 మంది పోటీపడ్డారు. పారాలింపిక్స్ పుట్టింది అలా. 1966లో ‘సర్’ బిరుదు పొందిన గట్‌మన్ 1980 మార్చి 18న కన్నుమూశారు.

1965 యుద్ధంలో గాయపడిన మన సైనికుడు మురళీకాంత్ పేట్కర్ 1972లో ఈతలో స్వర్ణం గెలిచారు. ఆయనకు పద్మశ్రీ అందింది 2018లో! చిన్నతనంలో హేళనకు గురైన వరంగల్ జిల్లా అమ్మాయి దీప్తి జీవాంజి 2024 పారిస్ పోటీల్లో 400 మీటర్ల పరుగులో కాంస్యం సాధించగా రాష్ట్రమంతా హర్షించింది.

జాలి చూపు గౌరవంగా మారితేనే హక్కులకు బలం. 1995 చట్టం వికలాంగులకు ప్రభుత్వోద్యోగాల్లో 3 శాతం కేటాయించింది. 2016 చట్టం దానిని 4 శాతం చేసి, ప్రజలు వచ్చే భవనాలు అందరికీ అనువుగా ఉండాలన్నది. అయినా మెట్లే తప్ప వాలుదారి లేని కార్యాలయాలు ఇంకా ఉన్నాయి. పతకాలకు చప్పట్లు కొట్టే మనం వాలుదారి కోసం కూడా అడగాలి. నవంబరులో జీవన ధ్రువపత్రానికి మెట్లెక్కే మన మోకాళ్లకూ అది అవసరమే.