క్విన్సీ స్కూలుకు వచ్చిన ఇక్బాల్

ఇక్బాల్ మసీహ్ బతికింది పన్నెండేళ్లే. అందులో దాదాపు ఆరేళ్లు తివాచీ మగ్గం ముందే గడిచిపోయాయి. చనిపోయి ముప్పై ఏళ్లయినా అమెరికా, కెనడా స్కూళ్లలో పిల్లలు అతని గురించి ఇంకా చదువుతూనే ఉన్నారు. మన ఇళ్లలో కూడా ఈ అబ్బాయి గురించి చెప్పుకోవాలనిపించి రాస్తున్నాను.

పాకిస్తాన్‌లో లాహోర్ దగ్గర మురీద్కే అనే ఊళ్లో, 1983 ప్రాంతంలో ఓ పేద క్రైస్తవ కుటుంబంలో పుట్టాడు. అతనికి నాలుగేళ్లప్పుడు ఇంట్లోవాళ్లు ఒక తివాచీల యజమాని దగ్గర 600 రూపాయలు అప్పు చేశారు. అది తీరేదాకా పని చేయాలని పిల్లాణ్ణి అక్కడ పెట్టారు. ఇలా ముందుగా ఇచ్చే డబ్బును అక్కడ పేష్గీ అంటారు. మన వైపు పెద్దవాళ్లకూ తెలిసిన మాటే. తిండి ఖర్చు, తప్పు చేస్తే జరిమానా, వడ్డీ, ఇంట్లోవాళ్లు మళ్లీ తీసుకున్న డబ్బు అన్నీ కలిసి ఆ అప్పు చివరికి 13,000 రూపాయలయింది.

రోజుకు 12 గంటలకు పైగా, వారానికి ఆరు రోజులు పని. చిన్న వేళ్లు సన్నటి ముడులు త్వరగా వేస్తాయని యజమానులు పిల్లలనే పెట్టుకునేవారు. పారిపోకుండా గొలుసులు కూడా వేసేవారు. సైన్స్ చదువుకున్నదాన్ని కాబట్టి నాకు బాగా బాధనిపించింది ఇక్బాల్ ఎత్తు. పన్నెండేళ్లకు నాలుగు అడుగులు కూడా లేడు. ఎదిగే వయసులో సరైన తిండి, కదలిక లేకపోతే తర్వాత ఎంత తిన్నా ఆ లోటు పూర్తిగా తీరదు.

1992లో పాకిస్తాన్ వెట్టిచాకిరీని రద్దు చేస్తూ చట్టం చేసింది. ఆ ఏడాదే ఇక్బాల్ మగ్గం వదిలి, వెట్టి నుంచి విడిపించే సంఘం పెట్టిన సభకు వెళ్లాడు. తన అప్పు చెల్లదని అక్కడే తెలిసింది. సంఘంవాళ్లు బడిలో చేర్పిస్తే నాలుగేళ్ల చదువు రెండేళ్లలో పూర్తి చేశాడు. లాయర్ కావాలనుకున్నాడు. ఊరూరా తిరిగి తనలాంటి పిల్లలకు చట్టం గురించి చెప్పాడు.

1994 డిసెంబర్‌లో రీబాక్ మానవ హక్కుల అవార్డు అందుకోవడానికి బోస్టన్ వచ్చాడు. అప్పుడే పక్కనున్న క్విన్సీలో బ్రాడ్ మెడోస్ మిడిల్ స్కూల్‌కు వెళ్లి, తన ఈడు పిల్లలతో మాట్లాడాడు. విన్న పిల్లలు ఊరుకోలేదు, ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు.

నాలుగు నెలలకే, 1995 ఏప్రిల్ 16న, ఈస్టర్ రోజున ఇక్బాల్‌ను సొంత ఊరి దగ్గరే కాల్చి చంపారు. ఎవరు, ఎందుకు చంపారన్నదానిపై ఇప్పటికీ వాదనలున్నాయి. వార్త విన్న క్విన్సీ పిల్లలు అతని పేరు మీద బడి కట్టించాలనుకున్నారు. అతని వయసు 12, అతన్ని అమ్మిన ధర సుమారు 12 డాలర్లు. అందుకే ఒక్కొక్కరిని 12 డాలర్లు అడిగారు. లక్ష డాలర్లకు పైగా పోగయ్యాయి. పాకిస్తాన్‌లోని కసూర్‌లో బడి తెరుచుకుంది. కెనడాలో పన్నెండేళ్ల క్రెయిగ్ కీల్‌బర్గర్ ఈ వార్త పేపర్లో చదివి, క్లాస్‌మేట్లతో ఒక సంస్థే పెట్టాడు. 2009లో అమెరికా కార్మిక శాఖ ఇక్బాల్ పేరిట అవార్డు మొదలుపెట్టింది.

మనం సెలవులకు ఇండియా వెళ్తాం. టిఫిన్ సెంటర్లలో, ఒక్కోసారి తెలిసినవాళ్ల ఇళ్లలోనే, మన పిల్లల ఈడువాళ్లు గిన్నెలు తోముతూ కనిపిస్తారు. పోయినసారి మా అమ్మాయి అలాంటి ఒక పాపను ఏ క్లాస్ చదువుతున్నావని అడిగింది. గదిలో పెద్దవాళ్లందరూ మౌనంగా ఉండిపోయారు. ఆ ప్రశ్న నాకు మంచి ప్రశ్నే అనిపించింది. 14 ఏళ్లలోపు పిల్లల్ని అలా పనిలో పెట్టుకోవడం అక్కడ నేరం. 1098కి ఫోన్ చేసి చెప్పొచ్చు. క్విన్సీ టీచర్లు పిల్లలకు ఇదంతా ఎందుకని ఆపి ఉంటే కసూర్‌లో ఆ బడి ఉండేది కాదు. మన పిల్లలు అడిగినప్పుడు మనమూ ఆపకుండా ఉంటే చాలు.