డిచ్‌పల్లి డాక్టరమ్మ

నస్రుల్లాబాద్, బాన్సువాడ పల్లెల్లో జ్వరమొస్తే చాలామంది ముందుగా వెళ్లేది ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరికే. పెద్దాసుపత్రి దూరమని మాత్రమే కాదు. ఆయన కూర్చోమంటాడు, చెయ్యి పట్టి చూస్తాడు, చెప్పేది వింటాడు, రేపు మళ్లీ కనబడతాడు. ఆయన చేసే వైద్యాన్ని మేము సమర్థించడం లేదు. జనం ఏం కోరుతున్నారో చెబుతున్నామంతే. ఈ సంగతి బాగా ఎరిగిన డాక్టరమ్మ ఒకరు వందేళ్ల కిందట మన పక్కనే డిచ్‌పల్లిలో ఉన్నారు.

ఇసబెల్ కెర్ 1875లో స్కాట్లాండులో పుట్టారు. 1903లో అబర్డీన్‌లో వైద్య పట్టా పొందారు. స్త్రీలు డాక్టర్లు కావడం అక్కడ కూడా అరుదైన రోజులవి. 1907లో భర్త రెవ. జార్జి కెర్ గారితో కలిసి వెస్లియన్ మెథడిస్టు మిషన్ పక్షాన నిజాం రాజ్యానికి వచ్చారు.

నిజామాబాదులో కుష్ఠు రోగుల స్థితి ఆమెను నిలవనివ్వలేదు. సొంత ఇంటివాళ్లే గడప దాటించిన మనుషులు వాళ్లు. 1911లో వాళ్లకోసం ఒక చిన్న కేంద్రం తెరిస్తే కొద్దికాలానికే చోటు చాలలేదు. అప్పుడు రాజా నర్సా గౌడ్ అనే హిందూ దాత ముందుకొచ్చి ధనమిచ్చారు. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి ప్రారంభమైంది. మిషన్ చరిత్ర చెప్పుకునేటప్పుడు ఈ దాత పేరు మాత్రం జారవిడవకూడదు.

అప్పటికి ఉన్న మందు చాల్‌మూగ్రా జాతి నూనె. తాగితే కడుపులో తిప్పేది, వాంతయ్యేది. తర్వాత దాన్ని సూదిమందుగా ఇవ్వడం మొదలైంది, ఆ పద్ధతిని డిచ్‌పల్లిలో ఆమె చేపట్టారు. ఆ సూది నొప్పి తక్కువది కాదు. ఒకటి రెండుసార్లతో పోయే జబ్బూ కాదు, నెలల తరబడి రావాలి. నిన్న సూది నొప్పి తిన్నవాడు మళ్లీ చెయ్యి చాపాలంటే ఎదుట ఉన్న మనిషి మీద నమ్మకం ఉండాలి. తొలి మచ్చ కనబడగానే రావాలంటే, అక్కడ తనను అసహ్యించుకోరని ముందే తెలిసి ఉండాలి. ప్రభువు కుష్ఠరోగిని స్వస్థపరచేముందు చెయ్యి చాపి ముట్టుకున్నాడని మనం చదువుతూనే ఉన్నాం. ఆమె పరిచర్య కూడా అక్కడే మొదలైందని మా అభిప్రాయం.

1923లో ప్రభుత్వం దంపతులిద్దరికీ కైజర్-ఇ-హింద్ పతకమిచ్చింది. 1932లో ఆమె డిచ్‌పల్లిలోనే హఠాత్తుగా ప్రభువునందు నిద్రించారు. జబ్బును నిజంగా అణచగల సల్ఫోన్ మందులు వాడుకలోకి వచ్చింది ఆ తర్వాత దశాబ్దంలో. అంటే, తన దగ్గరకొచ్చిన చాలామందికి పూర్తి స్వస్థత ఇస్తానని ఆమె గట్టిగా చెప్పగలిగే కాలం కాదది. అయినా జనం వచ్చారు.

నేడు అదే జబ్బు ఆరు నెలలో, ఏడాదో మాత్రలు వాడితే నయమవుతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆ మాత్రలు ఉచితం. అయినా స్పర్శ తెలియని మచ్చను చొక్కా కింద దాచుకుని ఆరాధనకు వచ్చేవాళ్లు మన సంఘాల్లోనూ ఉండవచ్చు. మొదటి రోజు తోడు వెళ్లేందుకు వాళ్లకు ఒక మనిషి కావాలి. ఊరి ఆశా కార్యకర్తను అడిగితే ఎక్కడికి, ఏ రోజు వెళ్లాలో చెబుతుంది.