ఇమామ్ గజాలీ

ఖురాసాను దేశమునందలి తూసు నగరము పారశీక మహాకవి ఫిర్దౌసికి జన్మస్థానము. అచ్చటనే 1058లో అబూ హామిద్ గజాలీ జన్మించెను. బాల్యముననే తండ్రి గతింపగా, ఆయన మిత్రుడగు ఒక సూఫీ ఇతనిని, తమ్ముడు అహ్మదును పెంచెను. చేతిసొమ్ము వ్యయమైన పిమ్మట, తిండికైన లోటుండదని పిల్లలను మదరసాలో చేర్చెనట.

జుర్జానులో చదివి మరలి వచ్చుచుండగా దారిదోపిడిగాండ్రు గజాలీ మూటను లాగికొనిరి. వ్రాతప్రతులు మాత్రమిమ్మని అతడు బతిమాలగా, కాగితములతో పోవునది యేమి చదువని దొంగలనాయకుడు నవ్వి తిరిగి యిచ్చెనని కథ. పిదప మూడేండ్లలో గజాలీ వానినెల్ల కంఠస్థము చేసెను. నోటుపుస్తకమును నమ్ముకొను మన విద్యార్థులకు ఆ దొంగ గురుతుల్యుడే.

1091లో సెల్జూకు మంత్రి నిజాముల్ముల్కు అతనిని బాగ్దాదు నిజామియా విద్యాపీఠమున ఆచార్యునిగా నియమించెను. శిష్యులు 300 మంది. తీరిక వేళలందు ఫారాబీ, ఇబ్న్ సీనాల తత్త్వమును గజాలీ స్వయముగా చదివి, ముందు దానిని ఉన్నదున్నట్లు వివరించు గ్రంథమును, పిదప ఖండనగ్రంథమును రచించెను. పూర్వపక్షమును చక్కగా నిలిపి కాని సిద్ధాంతమునకు దిగని మన శాస్త్రకారులు జ్ఞప్తికి వత్తురు. గణితమును, తర్కమును అతడు నిరాకరింపలేదు. గ్రహణగణనమును కాదనువాడు మతమునకే హాని చేయునని హెచ్చరించెను. బుద్ధిబలము ఒక్కటే మానవుని పరమార్థమునకు చేర్చుననుటయే అతనికి సమ్మతము కాలేదు. 20 విషయములలో తత్త్వవేత్తలను ఖండించి, లోకము అనాది యనుట, ఈశ్వరునకు విశేషముల యెఱుక లేదనుట, దేహముతో పునరుత్థానము లేదనుట అను మూడింటిని మతభ్రష్టతగా నిర్ణయించి, అట్లనువారు మరణదండనార్హులనెను. వాదమునకు దండనను తోడు తెచ్చుట నాకు రుచింపదు.

1095లో ఆ మహావక్తకు నోరు పెగలలేదు. పాఠము చెప్పబోయిన మాట రాదు; అన్నము గొంతు దిగదు. మనోవ్యాధికి మందు లేదని వైద్యులు విడిచిరి. తన బోధ దైవముకొఱకు కాక కీర్తికొఱకే సాగుచున్నదని గ్రహించి, మక్కాకని చెప్పి పదవిని వదలి దమస్కునకు పోయెను. అచటి మసీదు మీనారుపై తలుపు మూసికొని ధ్యానించెను. జెరూసలేము, హెబ్రోను, మక్కాలు సేవించెను. 40 భాగముల ‘ఇహ్యా ఉలూమిద్దీన్’ ఈ విరాగమున పుట్టినదే.

సూఫీ మార్గమే సత్యమని తేల్చుకొన్నవాడు సూఫీలమనువారినెల్ల మెచ్చెనా? లేదు. తాము సిద్ధిపొందితిమి, ఇక నమాజుతో పనిలేదనువారిని, మద్యనిషేధము పామరులకే కాని వివేకులకు కాదనువారిని అతడు తీవ్రముగా నిరసించెను. ఉదయపు నమాజునకు రెండు రకాతులు, మధ్యాహ్నమునకు నాలుగు ఏల? ఔషధముల పాళ్లు వైద్యునకే తెలిసినట్లు, ఆ లెక్క ప్రవక్తకే తెలియును. రోగి తన తెలివితో మోతాదు మార్పరాదు. ఈ ఉపమానమున బలమున్నది. అయితే వైద్యుని నమ్మనివానిని ఇది యొప్పింపజాలదు.

రాజాస్థానములకు పోనని, రాజధనము ముట్టనని, వాదములకు దిగనని హెబ్రోనులో ఇబ్రాహీము సమాధికడ వ్రతము పట్టిన గజాలీ, 1106లో మంత్రి ఒత్తిడిచే నిషాపూరులో మరల పాఠములు చెప్పవలసివచ్చెను. తుదకు తూసు చేరి, ఇంటిచెంతనే మదరసాను, సూఫీల మఠమును నడపుచు 1111 డిసెంబరు 18న కన్నుమూసెను. సుమారు 70 ఏండ్లకు కార్డోవా పండితుడు ఇబ్న్ రుష్ద్ ఆ ఖండనమును వరుసగా ఉదాహరించుచు ప్రతిఖండనము వ్రాసెను.